నీలమ్మ పెట్టిన భుజాలు

పాము పన్నెండేండ్లు పగ ఉంచుకుంటదని పెద్దలు అంటారు. ఆ లెక్కన నీలమ్మ ముందు పాము పాలు తాగే పిల్ల.

చిన్న మంగళారం ఊళ్ళో మొకం ముందు ఆమెను అందరూ బంతిపూల నీలమ్మ అంటారు. మొగుడు ఎంకయ్య, ఆమె కలిసి ఇంటి వెనక చెలకలో బంతి, చామంతి పండిస్తారు. వెనకాల మాత్రం పాము నీలమ్మ అనే అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి మెహిదీపట్నం పోయే బస్సు డ్రైవరు, ఆమె చెయ్యెత్తినా ఆపకుండా పోయాడు. మరునాడు అదే బస్సు, అదే డ్రైవరు. నీలమ్మ రోడ్డు నడుమ నిలబడి ఆపింది. మెట్టు దగ్గరికి పోయి, లోపలికి తొంగి చూసి, "ఎక్కను పో. ఊకెనే ఆపిన" అని చెప్పి పక్కకు జరిగింది. ఆ రోజు మార్కెట్టుకు పోవాల్సిన పని ఉండనే ఉన్నది. గంపలో పూలు వాడిపోయాయి. నీలమ్మ మొకం మాత్రం విచ్చుకున్నది.

పక్కింటి కోడి ఆమె చామంతి నారు కెలికితే, ఆ ఇంటోళ్ళకు ఎండాకాలం మొత్తం నల్లా నీళ్ళు ఎప్పుడొస్తయో చెప్పలేదు. "కోడిని అడుగుండ్రి, దానికి అన్నీ ఎరుకే" అన్నది.

ఇవన్నీ చిల్లర పగలు. అసలుది వేరే ఉన్నది. అది ఆమె మనుమరాలు వెన్నెల కంటే వయసులో పెద్దది.

నీలమ్మ కొడుకు శ్రీశైలం పెండ్లినాడు ఆ పగ పుట్టింది. ఎంకయ్యకు ఒక అక్క ఉన్నది, కృష్ణమ్మ. మొయినాబాద్‌లో రోడ్డు మీద చీరెలు, జాకెట్టు గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ ఆమెది. ఆడబిడ్డ కాబట్టి ఆ పెండ్లిలో తమ్ముని పెండ్లానికి ఆమె పట్టుచీరె పెట్టింది. పెట్టిన బట్ట అక్కడికక్కడే కట్టుకొని రావాలి. అది వాళ్ళ చుట్టాలలో పట్టింపు. కట్టుకోకపోతే పెట్టినోళ్ళను కాదన్నట్టే.

నీలమ్మ కట్టుకున్నది. కడుతుంటేనే బట్టల నడుమ పెట్టే డాంబర్ గోలీల వాసన గుప్పుమన్నది. ఏండ్ల తరబడి దుకాణం అల్మారలో మడత విప్పకుండా పడి ఉన్న చీరె అని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. తలంబ్రాల వేళ అక్షింతల పళ్ళెం అందుకుందామని వంగింది. పట్టు నడుము నుంచి మోకాలి దాకా మడత మీద పర్రున చిట్లింది. మొదట పిల్ల తరఫు ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వితే మన్నించవచ్చు, పరాయోళ్ళు. తర్వాత సొంతోళ్ళు నవ్వారు. అందరి కంటే ఆఖరుకు కృష్ణమ్మ నవ్వి, అందరికీ వినపడేటట్టు అన్నది:

"చీరె మంచిదే. మా నీలమ్మకు పట్టు కట్టుడు అలవాటు లేదు. బర్రె పలుపు గుంజినట్టు గుంజింది."

ఆ మాటే ముల్లు. చీరె చినిగినందుకు కాదు, నలుగురు నవ్వినందుకు కూడా కాదు. తప్పు చీరెది, పడింది మనిషి మీద. ఆ తర్వాత ఏ ఇంట్లో శుభకార్యమైనా ఎవరో ఒకరు "నీలమ్మా, మెల్లగ కట్టు" అనేవారు. శ్రీశైలం బిడ్డ వెన్నెల పుట్టింది, నడిచింది, బడికి పోయింది, బడి మానింది. ఆ మాట మాత్రం చుట్టాల నోట్లో అట్లనే ఉన్నది.

నీలమ్మకు కావాల్సింది పెద్దదేమీ కాదు. అది పాత స్టాకు చీరె అని కృష్ణమ్మ తన నోటితో, అదే చుట్టాల ముందు, ఒక్కసారి చెప్పాలి. అంతే. అది వినకుండా చస్తే కాష్టం మీద కూడా తాను కాలనని వెన్నెలతో చెప్పేది.

"కాలకుంటె మేమేం జేయాలె అవ్వా?" అని వెన్నెల అడిగేది.

"మీ అమ్మమ్మను తీస్కరాండ్రి. ఆమె వచ్చి చెప్తె అప్పుడు అంటుకుంట."

వెన్నెలకు కృష్ణమ్మ వరుసకు అమ్మమ్మ.

ఈ మాఘంలో ఆ కృష్ణమ్మనే నడిచి వచ్చింది. మొయినాబాద్‌లో దుకాణం వెనక కొత్త ఇల్లు కట్టింది. కుంకుమ భరిణె పట్టుకొని గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, నీలమ్మకు బొట్టు పెట్టి, గడపలోనే మొదలుపెట్టింది.

"తల్లిగారింటి చీరె కట్టుకోందే కొత్తింట్ల కాలు వెట్టొద్దు, నీకెర్కనే గద. మా అమ్మ లేదు. ఇగ తల్లిగారంటె మీరే. జర సూసి తే నీలమ్మా. నేను దినాం వందమందికి ఫ్యాషన్ చెప్పేదాన్ని. అంగట్ల దొరికే అగ్గువ చీరె తెచ్చి నా ఇజ్జత్ తియ్యకు."

"గట్లెట్ల తెస్త వదినె" అన్నది నీలమ్మ. గొంతులో తేనె కారింది. తేనెటీగలు లోపల ఉన్నాయి.

కృష్ణమ్మ పోయినాక ఎంకయ్య భయం భయంగా పెండ్లాం దిక్కు చూశాడు. "అక్కకు మంచిదే కొందాం గదనే?"

"నీ అక్కకు నేను చెడ్డది పెడతనా? నీ మొకం సల్లగుండ."

పెట్టలేకనే ఆమె బాధ. చినిగే చీరె పెడదామంటే, కృష్ణమ్మ చీరెల దుకాణపుది, ప్రతి మడతా విప్పి చూస్తది. నాసి చీరె పెడదామంటే నవ్వేది కృష్ణమ్మను కాదు, తల్లిగారింటిని, అంటే తననే. మంచి చీరె పెడితే పగ ఏమైతది? పదిహేను రోజులు నీలమ్మ పూలు తెంపుకుంట, మాలలు కట్టుకుంట ఇదే ఆలోచన. దారం పంటితో తెంపినప్పుడల్లా ఎవరిదో మెడ కొరికినట్టే కొరికేది.

దారి ఆమె ఊరి ఫామ్‌హౌస్‌లోనే దొరికింది.

వెన్నెల ఇంటరు రెండో ఏడు ఫిజిక్సు దగ్గర ఆగిపోయి, మొయినాబాద్‌లో ఒక బుటిక్‌లో చేరింది. ఇస్త్రీ చేస్తది, హుక్కులు కుడతది, కస్టమర్లు పోయినాక వాళ్ళ నడక నడిచి చూపిస్తది. పట్నం నుంచి ఎవరో డిజైనరు చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌లో ఫ్యాషన్ షో పెట్టుకున్నాడు. బట్టలకు ఇస్త్రీ పట్టే పని ఈ బుటిక్ మేడంకు వచ్చింది, పూల పని వెన్నెల పుణ్యమా అని నీలమ్మకు వచ్చింది. పది గంపల బంతి తీసుకొని పోయింది.

పోయి చూస్తే పూలు కట్టనివ్వలేదు. రెక్కలు తెంపి, పొడుగాటి దారి మీద చల్లమన్నారు. ఆ దారి మీద అమ్మాయిలు ఆ పూలను తొక్కుకుంట నడిచి వచ్చారు. అవ్వా మనుమరాలు ఇద్దరూ పరదా చాటు నుంచి చూస్తున్నారు.

"వీళ్ళింట్ల ఎవరన్న సచ్చిపోయిన్రానే? గట్ల మొకం వెట్టిన్రు."

"నవ్వొద్దవ్వా. ర్యాంపు మీద నవ్వితె బట్ట కనవడదట."

అప్పుడు వచ్చింది ఒక పొడుగు పిల్ల. నీలమ్మ నోరు తెరిచింది. కింద చీరె లాంటిదే ఉన్నది, బాగానే ఉన్నది. పైన జాకెట్టు భుజాలు మాత్రం రెండు దిక్కులా ఎడ్లబండి కాడిలా బారెడు బారెడు చాచి ఉన్నాయి. వాటి నడుమ తలకాయ కుండ మీద బోర్లించిన చెంబులా చిన్నగా కనిపిస్తున్నది. అది నడుస్తుంటే మనిషి రావడం కాదు, ఏదో సామాను దింపుతున్నట్టు ఉన్నది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వలేదు. లేచి చప్పట్లు కొట్టారు.

నీలమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకున్నది. "నవ్వుతలేరేందే?"

"ఈ యేడు ఇదే నడుస్తున్నది అవ్వా. పెద్ద భుజాలు. ప్యారిస్‌ల గూడ ఇవే."

"మంచి ఖరీదేనా?"

"నీ చెలక మొత్తం పూలు అమ్మినా రాదు."

"ఇదే బట్ట మన చుట్టాలల్ల ఎవరన్న ఏస్కుంటె?"

వెన్నెలకు నవ్వు ఆగలేదు. "నవ్వి నవ్వి దవాఖానల పడ్తరు."

నీలమ్మ నవ్వలేదు. పరదా చాటున కండ్లు మెరిసినాయి. ఫ్యాషన్, ఖరీదు, ప్యారిస్. ఎవరూ వంక పెట్టలేని బట్ట. అయినా చూసినోడల్లా నవ్వే బట్ట. దేవుడు ఇన్నేండ్లకు గంపల కిందికెల్లి తొంగి చూశాడనుకున్నది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడే విషయం బయటపెట్టింది. వెన్నెల ఫోన్లో తీసుకొచ్చిన ఆ భుజాల పిల్ల వీడియోను అవ్వకు మళ్ళీ చూపించి, తనకు తెలిసిన చదువంతా చెప్పింది.

"చూడవ్వా, ర్యాంపు మీద ఏస్కున్నది ఏస్కున్నట్టు ఇంట్ల ఎవరూ ఏస్కోరు. మా మేడం చెప్తది. అండ్లకెల్లి ఒక్క ముక్కనే తెచ్చుకోవాలె. భుజం తెచ్చుకుంటె రంగు మామూలుది, చీరె మామూలుది. ఆ భుజం గూడ సగం జేసుకోవాలె. అప్పుడు బజారుకు పోవచ్చు, పెండ్లికి పోవచ్చు, మంచిగనే కనవడ్తది."

"సగం జేస్తె సగమే నవ్వుతరు" అన్నది నీలమ్మ. "తగ్గించొద్దు. ఆ పిల్లకు ఎంతున్నదో గంత పెట్టిపియ్యి. వీలైతె జానెడు ఎక్కువ."

"అవ్వా, పాపం ముసలామె..."

"నేను పడుసుపిల్లనా? నాకు పాపం ఎవరన్నరే?"

వెన్నెల సరేనన్నది. ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉన్నది. ఆ భుజాలు ఎట్ల నిలబడతాయో కుట్టి చూడాలని దానికీ చేతులు దురద పెడుతున్నాయి.

మొయినాబాద్‌లో బాలరాజ్ అనే టైలరు కృష్ణమ్మ జాకెట్లన్నీ కుడతాడు. ఆమె ఆది జాకెట్టు, అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు, అతని దగ్గరే ఉంటది. వీడియో చూసి బాలరాజ్ మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు.

"నీలమ్మక్కా, ఇది జాకెట్టా, కూలరా?"

"కుడతవా, కుట్టవా?"

"కుడత గని, ఈ రెండింటి నడుమ తలకాయ ఏడ వెట్టుకుంటది ఆమె?"

"అది ఆమె ఫికర్."

సోఫాలకు వేసే ఫోమ్ తెచ్చారు. కాలరుకు వేసే గట్టి కాన్వాసు తెచ్చారు. వెన్నెల దగ్గరుండి కోయించింది. వెన్నెల నలుపు గుడ్డ అందుకోబోతే మాత్రం నీలమ్మ చేతి మీద కొట్టింది. ఇంట్లకు పోయే బట్ట నలుపు పనికిరాదు. చీరె, జాకెట్టు రెండూ మామిడాకు రంగు, జరీ అంచు, నికార్సైన పట్టు. బట్ట ఇంటికి వచ్చినాక నాలుగు కొసలకూ తన చేతితోనే పసుపు అద్దింది. పగ పగే, పసుపు పసుపే.

ఎంకయ్య ఆ పెట్టెను చూసి సంతోషపడ్డాడు. అంత పెద్ద పెట్టెలో ఎంత మంచి చీరె ఉన్నదో అనుకున్నాడు. చీరె చిన్నదేనని, మిగతా పెట్టె అంతా భుజాలేనని అతనికెవరూ చెప్పలేదు.

గృహప్రవేశం పొద్దున తొమ్మిదిన్నరకు. కొత్తింటి ముందు టెంటు వేశారు. చుట్టాలందరూ వచ్చారు, ఆనాటి పెండ్లిలో నవ్వినోళ్ళల్లో బతికి ఉన్నవాళ్ళందరూ. నీలమ్మ ఒక్కొక్కరినీ చూసి తల ఊపుకుంట పోయింది. వాళ్ళలో పెద్దమనిషి యాదయ్య. ఏ పంచాయితీ అయినా ఆయన మాటతో తెగుతది. ఆయనకు మాత్రం ముందు వరుసలో కుర్చీ వేయించింది. "పెద్దోనివి, మంచిగ కనవడాలె గదనె" అన్నది.

కృష్ణమ్మను, ఆమె మొగుడు నర్సింహులును పీటల మీద కూర్చోబెట్టారు. ఎంకయ్య బావకు ధోతి పెట్టాడు. నీలమ్మ వదినెకు బొట్టు పెట్టి, పెట్టె ఒడిలో పెట్టింది.

కృష్ణమ్మ మూత తీసింది. చీరె తీసి కొనగోటితో అంచు గీకి చూసింది, మడతలు విప్పి చూసింది, మెచ్చుకోలుగా తలాడించింది. తర్వాత జాకెట్టు పైకెత్తింది. ఎత్తుతుంటే ఎత్తుతున్నకొద్దీ వస్తూనే ఉన్నది. టెంటు కింద మాటలు ఆగిపోయాయి. వెనక నుంచి ఒక పిల్లగాడు "అమ్మా, రెక్కలు!" అన్నాడు.

"ఇదేంది నీలమ్మా?"

"ఫ్యాషన్ వదినె. నీకు నేను చెప్పేదాన్నా? ఈ యేడు ప్యారిస్‌ల ఇవే భుజాలట. నీ దుకాణానికి రాలేదా ఇంకా?"

వెన్నెల వెంటనే ఫోను ముందు పెట్టింది. వీడియోలో పొడుగు పిల్ల నడుస్తున్నది, గొప్పగొప్పోళ్ళు చప్పట్లు కొడుతున్నారు. కృష్ణమ్మ వీడియో చూసింది, జాకెట్టు చూసింది, చుట్టూ ఉన్న మొకాలు చూసింది. వాళ్ళలో సగం మంది ఆమె కస్టమర్లే. ఫ్యాషన్ అంటే తన దగ్గర నేర్సుకోవాలని ఎప్పుడూ చెప్పేది వాళ్ళకే. తెలియదంటే దుకాణం ఇజ్జత్ పోతది. కట్టుకోనంటే తల్లిగారింటిని కాదన్నట్టయితది. నీలమ్మ ఆమెను అట్లా రెండు గుంజలకు కట్టేసింది.

"ఎందుకు తెల్వది?" అన్నది కృష్ణమ్మ. "ఆర్డర్ పెట్టిన నేను గూడ. ఇంక రాలే."

టెంటు మూలకు కట్టిన పరదా చాటుకు పోయి కట్టుకొని వచ్చింది. ఆ పరదా ఇద్దరు లేవనెత్తితే తప్ప బయటికి రాలేకపోయింది. మొదట ఒక్కరు కిసుక్కుమన్నారు. తర్వాత నలుగురు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నర్సింహులు పెండ్లాం పక్కన నిలబడబోతే ఎడమ భుజం పోయి ఆయన చెవికి తగిలింది. ఆయన ఒక అడుగు దూరం జరిగి, "ఇక్కడ నిల్సోవాల్నా, రోడ్డు మీద నిల్సోవాల్నా?" అని అడిగాడు. ఆ మాటకు టెంటు మొత్తం పగలబడి నవ్వింది.

నీలమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొని నిలబడి, ఆ నవ్వును చల్ల తాగినట్టు గుటక గుటక తాగింది.

కానీ కృష్ణమ్మ కూడా ఉత్త మనిషి కాదు. ఎంతైనా ఇన్నేండ్లు చీరెలు అమ్మిన మనిషి. మెడ నిక్కబెట్టింది. వీడియోలో పిల్లలాగే మొకం బిగించింది. ఆ పెద్ద భుజాలు ఊపుకుంట టెంటు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. చుట్టాల పిల్ల పింకీ ఈల వేసింది. కృష్ణమ్మ మనుమడు సాయిచంద్ ఫోను తీసి, "నానమ్మ, సూపర్! ఇట్ల తిరుగు" అని వీడియో మొదలుపెట్టాడు. నవ్విన ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "ఏమో, మంచిగనే ఉన్నట్టున్నది" అన్నది ఒకామె. "పెద్ద షోకు" అన్నది ఇంకొకామె.

నీలమ్మ చూస్తుండగానే పగ చేతిలోంచి జారి ఫ్యాషన్ అయిపోతున్నది. వెన్నెల చెవిలో, "ఇదేందే, ఇది గెలుస్తున్నదేందే?" అని పళ్ళు నూరింది. వెన్నెల ఆ జాకెట్టు దిక్కే చూస్తున్నది. తాను కుట్టించిన భుజాలకు ఈల పడినందుకు దానికి లోపల్లోపల సంబరంగానే ఉన్నది.

"ముహూర్తం దగ్గరికొచ్చింది, లేవండి" అని అయ్యగారు తొందరపెట్టారు. ఆవును, దూడను ముందు లోపలికి పంపారు. నర్సింహులు చేతిలో దేవుని పటం పెట్టారు. కృష్ణమ్మ రెండు చేతులకూ నిండు బిందె ఇచ్చారు. ఇద్దరూ పక్కపక్కన, ఒక్కసారే, కుడికాలు గడప దాటించాలి.

దర్వాజ టేకుది, రెండు రెక్కలది. నాలుగు రోజుల కింద వార్నిషు వేశారు. ఎడమ రెక్క గొళ్ళెం ఆ వార్నిషులో అంటుకొని ఎవరికీ ఊడలేదు. ఒక రెక్క తెరిచి ఉంటే ఇద్దరు మనుషులు ఒదిగి పోవచ్చని ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు మనుషులకు సరిపోతది నిజమే. ఇద్దరు మనుషులకు, రెండు భుజాలకు సరిపోదు.

కృష్ణమ్మ కాలు ఎత్తింది. భుజాలు అటు దర్వాజకు, ఇటు నర్సింహులు దవడకు తట్టుకొని ఆగిపోయాయి. ఇంకోసారి తోసింది. ఫోమ్ వత్తుకున్నది, మళ్ళీ పొంగి ఆమెను వెనక్కి నూకింది. బిందెలో నీళ్ళు చిప్పిల్లి చీరె మీద పడ్డాయి.

"పక్కకు తిరుగు" అన్నాడు నర్సింహులు.

"తిరగొద్దు! ఎదురుగానే పోవాలె" అన్నారు అయ్యగారు. "తల్లీ, ముహూర్తం పోతున్నది."

"ఆ జాకెట్టు ఇడువరాదే" అని ఎవరో ఆడమనిషి అన్నది.

"తల్లిగారు పెట్టిన బట్ట ఇడిసి ఇంట్లకు పోతదా? అరిష్టం" అని ఇంకొకామె అందుకున్నది.

వెనక నవ్వు మళ్ళీ మొదలైంది. ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు. లోపల ఆవు కొత్త గచ్చు మీద పేడ వేసింది, అది కూడా నవ్వినట్టే అనిపించింది. కృష్ణమ్మ మొకం ఎర్రబడింది. చేతుల్లో నిండు బిందె, దించకూడదు. వెనక అందరూ, ముందుకు పోయే దారి లేదు. మెడ ఒక్కటే తిప్పగలిగింది. తిప్పి, పళ్ళెంతో నిలబడ్డ నీలమ్మను చూసి గయ్యిమన్నది:

"అంత నువ్వే జేసినవ్! కావాల్నని జేసినవ్! నేను నీకు పెట్టింది మడతల చిట్లిన పాత స్టాకు చీరెనే గాని, దర్వాజలకెల్లన్న పట్టింది గదనే!"

నవ్వు టక్కున ఆగింది.

నీలమ్మ ఒక అడుగు దర్వాజ దిక్కు వేసింది.

ముందు కుర్చీలోంచి యాదయ్య లేచాడు. "ఏం స్టాకు అంటివి చెల్లే?"

కృష్ణమ్మ పెదవులు బిగపట్టింది. మాట మాత్రం నోరు దాటిపోయింది, మనిషి గడప దాటలేదు గాని. "పాతదే" అని గొణిగింది. "ఎవరూ కొనకపాయె, పెట్టిన. అయితేంది ఇప్పుడు? ముహూర్తం పోతున్నది, తొయ్యుండ్రి ఎవరన్న!"

తోయడానికి చేయి అందేటంత దగ్గర నీలమ్మ ఒక్కతే ఉన్నది. ఆమె కదలలేదు.

"జర గట్టిగ చెప్పు వదినె" అన్నది నిదానంగా. "వెనకోళ్ళకు వినవడలే."

"నీలమ్మా!"

"టైమున్నదా అయ్యగారూ?"

"లేదమ్మా, రెండు నిమిషాలు, ఏదో ఒకటి చెయ్యండి" అని అయ్యగారు గడియారం చూసుకుంట చెమటలు తుడుచుకున్నారు.

ఎంకయ్య ముందుకు రాబోయాడు. నీలమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన వచ్చిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

కృష్ణమ్మ కండ్లు మూసుకున్నది. కొత్తింటి గడప కాలికి అందేటంత దూరంలో ఉన్నది. గుండె నిండా గాలి పీల్చుకొని, దుకాణంలో ధర చెప్పే గొంతుతో అరిచింది:

"శ్రీశైలం పెండ్లిల నేను పెట్టింది పాత చీరె! అది మురిగి చినిగింది! నీలమ్మ తప్పు లేదు! ఇన్నరా అందరు?"

విన్నారు. రోడ్డు అవతలి టీ కొట్టువాడు కూడా విన్నాడు.

నీలమ్మ పళ్ళెం వెన్నెలకు ఇచ్చింది. ముందుకు పోయి, రెండు చేతులతో ఆ రెండు భుజాలను పట్టి, పరుపును సందుగ పెట్టెలో కుక్కినట్టు చంకల కిందికి వత్తి కుక్కింది. కుక్కేటప్పుడు మోచేయితో రెండు పోట్లు అనవసరంగా కూడా పడ్డాయి. "ఊపిరి బిగవట్టు" అన్నది. మోకాలు వదినె నడుముకు ఆనించి ఒక్క తోపు తోసింది. ఆ తోపుకు కృష్ణమ్మ, నర్సింహులు, దేవుని పటం, బిందె అందరూ కలిసి కొత్తింట్లో పడ్డారు. ముందు పడింది మాత్రం కుడికాలే. అయ్యగారు మంత్రం అందుకున్నారు.

భుజాలు లోపలికి పోగానే ఫట్టుమని మళ్ళీ విచ్చుకున్నాయి.

కృష్ణమ్మ ఆ జాకెట్టు విప్పలేదు. విప్పితే ఓడినట్టే కదా. పాలు పొంగిచ్చింది అందులోనే, వ్రతంలో కూర్చున్నది అందులోనే. పీట మీద చోటు చాలక నర్సింహులు సగం నేల మీద కూర్చొని కథ విన్నాడు. ప్రసాదం పంచేటప్పుడు కృష్ణమ్మ నీలమ్మ దగ్గరికి వచ్చి చేతిలో అందరికంటే తక్కువ పెట్టి పోయింది. నీలమ్మ దాన్ని అందరికంటే ఎక్కువసేపు తిన్నది.

భోజనాల దగ్గర పింకీ వెన్నెల పక్కన చేరింది. "అక్కా, నాకూ అసొంటిది కుట్టవా? కొంచెం తగ్గియ్యి. సగం భుజం. కాలేజీకి ఏస్కపోత."

"సగమైతె మంచిగనే ఉంటది" అన్నది వెన్నెల.

"దీనికి కుట్టకే" అని నీలమ్మ అన్నం కలుపుకుంట మొకం చిట్లించింది. "ఊరందరు ఏస్కుంటె ఇగ నవ్వేదెవరు?"

సాయంత్రం ముగ్గురూ ఆటోలో తిరిగి బయలుదేరారు. ఎంకయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అక్క ఆయనదే, పెండ్లాం ఆయనదే. ఎటు తిరిగినా చిన్నబోయేది తన మొకమే.

వెనక వెన్నెల ఫోనుకు సాయిచంద్ తీసిన వీడియో వచ్చింది. దర్వాజ, బిందె, భుజాలు, ఆ మాట, అన్నీ ఉన్నాయి. నీలమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకొని చూసింది. టెంటు కింద నడిచింది వద్దన్నది, ఈల వద్దన్నది, పాలు పొంగింది వద్దన్నది.

"ఆ ముక్క పెట్టు. ఆ ఒక్క ముక్కనే."

"శ్రీశైలం పెండ్లిల నేను పెట్టింది పాత చీరె!" అని ఫోన్లోంచి కృష్ణమ్మ అరిచింది. ఆటో డ్రైవరు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"మల్ల పెట్టు."

మళ్ళీ అరిచింది.

"నీలమ్మ తప్పు లేదు అన్నకాడ ఆపుతవ్ జూడు, గది ఇంకోసారి."

చిలుకూరు చౌరస్తా దాటింది, ఫామ్‌హౌస్‌ల గోడలు మొదలయ్యాయి. కృష్ణమ్మ అరుస్తూనే ఉన్నది. ఎంకయ్య ఇక ఓర్చుకోలేకపోయాడు. ముందుకే చూసుకుంట, "చాలు గదనే ఇగ. అక్కనే చెప్పింది గద. ఇంకెన్నిసార్లు ఇంటవ్?" అన్నాడు.

"నేనెన్ని ఏండ్లు ఇన్న 'మెల్లగ కట్టు, మెల్లగ కట్టు' అని? ఒక్కనాడన్న చాలు అన్నవా నువ్వు?"

ఆటో గుంతలో పడి లేచింది. కొంచెం దూరం పోయినాక ఎంకయ్య చెయ్యి వెనక్కి చాచి, ఫోను ఇటు ఇవ్వమన్నట్టు వేళ్ళు ఆడించాడు. నీలమ్మ అనుమానంగా ఇచ్చింది.

ఎంకయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి విన్నాడు. తర్వాత తనకు తెలియకుండా బొటనవేలు ఎటో తగిలి, ఫోను గొంతు అంతకంతకూ పెరిగింది. తగ్గించడం ఆయనకు రాదు. రాదో, రానట్టు ఊకున్నాడో, అది నీలమ్మ అడగలేదు.